బోల్కె ఆల్బట్రాస్ డి.2: పని ఎంతవరకు వచ్చింది

నేను చేస్తున్న ఈ విమానం మోడల్‌కు ఫ్యూజలాజ్ (విమానం మొండెం) రంగు పూర్తయింది. కింది రెక్క అతికింది, పై రెక్క ఇంకా విడిగానే ఉంది. స్కేలు 1/48. అసలు విమానం రెక్కల వెడల్పు 8.5 మీటర్లు, పొడవు 7.4 మీటర్లు. మోడల్‌లో అవి 17.7, 15.4 సెంటీమీటర్లకు వస్తాయి. నేను చేస్తున్నది 386/16 నంబరు విమానం, మొదటి ప్రపంచ యుద్ధంలో జర్మన్ పైలట్ కెప్టెన్ ఒస్వాల్డ్ బోల్కె చివరిగా నడిపినది.

ఆ కాలపు మోడళ్లు చేసేవాళ్లలో చాలామంది ‘రెడ్ బారన్’గా పేరుపడ్డ జర్మన్ పైలట్ రిక్టోఫెన్ ఎర్ర ట్రైప్లేన్‌తో (మూడు రెక్కల విమానంతో) మొదలుపెడతారు. ఆ రిక్టోఫెన్‌కు గాలిలో యుద్ధం నేర్పింది బోల్కె. నా దృష్టిలో ఆయన కూల్చిన 40 విమానాల కంటే ఆయన నేర్పిన చదువే పెద్దది. అందుకే హంగు లేని ఈ విమానాన్ని ఎంచుకున్నాను.

ఎక్కువ సమయం తీసుకున్నది చెక్క రంగు. ఆల్బట్రాస్ ఫ్యూజలాజ్ ప్లైవుడ్‌ది, పైన వార్నిష్ మాత్రమే. ముందు లేత గోధుమ రంగు అక్రిలిక్ కొట్టి ఒక రోజంతా ఆరనిచ్చాను. తర్వాత బర్న్ట్ అంబర్ ఆయిల్ పెయింట్‌లో కొంచెం బర్న్ట్ సియెన్నా కలిపి చాలా పల్చగా పూయాలి. కొన్ని నిమిషాలు ఆగి, గట్టి వెంట్రుకల పొడి బ్రష్‌ను ముక్కు నుంచి తోక వైపు ఒకే ఊపులో లాగితే చెక్క చారలు వస్తాయి. మధ్యలో చెయ్యి ఆపకూడదు. ఒక్కో ప్లైవుడ్ పలకకు విడిగా మాస్కింగ్ టేప్ వేసి, రంగు పాళ్లు కాస్త మార్చాలి. లేకపోతే మొత్తం ఒకే దుంగలో తొలిచినట్టు కనిపిస్తుంది. ఆయిల్ ఆరడానికి ఎండాకాలంలో మూడు నాలుగు రోజులు చాలు, వానాకాలంలో వారం వదిలేయండి. ఆ తర్వాతే మెరుపునిచ్చే (గ్లాసీ) వార్నిష్.

కాక్‌పిట్‌లో సీటు బెల్టులు సీసం రేకు నుంచి సన్నగా కత్తిరించి చేశాను. వాటిని బిగించకుండా పక్కలకు వేలాడేలా వదిలాను. చివరి రోజు బోల్కె హడావుడిగా బయల్దేరి బెల్టు సరిగా పెట్టుకోలేదని చెబుతారు.

ముందున్న రెండు మెషిన్‌గన్లకు నల్లరంగు వేసి, ఆరాక పెన్సిల్ గ్రాఫైట్ పొడి రుద్దితే ఇనుము మెరుపు వస్తుంది. తిరిగే ప్రొపెల్లర్ రెక్కల మధ్య నుంచి గుళ్లు పోయేలా చేసే సింక్రొనైజర్ వల్లే ఈ అమరిక సాధ్యమైంది. బోల్కె పేరు మోగింది కూడా 1915లో ఆ ఏర్పాటుతో వచ్చిన ఫోకర్ ఐండెకర్ అనే ఒంటి రెక్క విమానం మీదే. ఆయన 1891లో హాలె దగ్గర పుట్టిన బడిపంతులు కొడుకు. చిన్నప్పుడు ఉబ్బసం. సైన్యంలో చేరింది టెలిగ్రాఫ్ దళంలో. 1914 ఆగస్టులో, యుద్ధం మొదలైన రోజుల్లోనే పైలట్ పరీక్ష పాసయ్యాడు. 1916 జనవరి 12న మరో జర్మన్ పైలట్ ఇమ్మెల్‌మాన్‌తో పాటు పూర్ ల మెరిత్ అనే పెద్ద సైనిక పతకం అందుకున్నప్పుడు ఇద్దరికీ చెరి 8 విజయాలు, అంటే కూల్చిన విమానాలు.

ఆ జూన్‌లో ఇమ్మెల్‌మాన్ చనిపోయాక, ఇతన్నీ పోగొట్టుకుంటామని జర్మన్ చక్రవర్తి కైజర్ విమానం ఎక్కనివ్వలేదు. నన్ను బాగా కదిలించేది ఈ ఘట్టమే. ఖాళీగా కూర్చోకుండా తనకు తెలిసినదంతా నియమాలుగా రాసిపెట్టాడు. సూర్యుణ్ని వెనక పెట్టుకో, దగ్గరికి వెళ్లాకే కాల్చు, శత్రువు వెనక నుంచి దాడి చెయ్యి, ఇద్దరు ఒకే విమానం వెంట పడొద్దు. తూర్పు రంగంలో ఉన్న అన్నను చూడటానికి కోవెల్ వెళ్లినప్పుడు కొత్త దళం కోసం ఇద్దరిని ఎంచుకున్నాడు: రిక్టోఫెన్, ఎర్విన్ బోమె. బోమెకు అప్పుడు 37 ఏళ్లు, బోల్కెకు 25. ఆగస్టు చివర ఫ్రాన్స్‌లోని బెర్తెంకూర్‌లో ఆ దళం, యాష్టా 2, మొదలైంది. కొత్త ఆల్బట్రాస్‌లు సెప్టెంబరు 16న వచ్చాయి. మర్నాడే దళమంతా కలిసి ఎగిరింది, రిక్టోఫెన్ మొదటి విజయమూ ఆ రోజే.

ఇక పై రెక్క. దీనికి ముందు రకమైన డి.1లో అది ఎత్తుగా ఉండి పైలట్‌కు ముందు చూపు అడ్డేది. డి.2లో దాన్ని కిందికి దించారు. అందుకే స్ట్రట్ల (రెక్కను నిలబెట్టే కమ్మీల) ఎత్తు దగ్గర రాజీ పడకూడదు. కార్డుబోర్డుతో చిన్న జిగ్ (కదలకుండా పట్టుకునే చట్రం) చేసి, అందులో నిలబెట్టి అతికించబోతున్నాను. 1916 అక్టోబరు 28న బోల్కె, బోమె ఒకే బ్రిటిష్ విమానాన్ని తరుముతున్నారు. రిక్టోఫెన్ తరుముతున్న మరో విమానం వాళ్ల ముందుకు అడ్డంగా వచ్చింది. తప్పుకునే తొందరలో బోమె చక్రాలు బోల్కె పై రెక్కకు తగిలాయి, ఆ ప్రమాదంలోనే బోల్కె చనిపోయాడు. ఆయనే రాసిన నియమం గుర్తొస్తే ఈ రెక్క చేతిలోకి తీసుకున్నప్పుడల్లా మనసు చివుక్కుమంటుంది. బ్రిటిష్ పైలట్లు సైతం ఆయన కోసం పుష్పగుచ్ఛం జారవిడిచారు.

రిగ్గింగ్‌కు (రెక్కల మధ్య బిగించే వైర్లకు) 0.12 మి.మీ. నైలాన్ గాలపు దారం వాడతాను. 0.3 మి.మీ. రంధ్రాలు రంగు వేయకముందే పెట్టుకున్నాను, తర్వాత పెడితే రంగు పెచ్చులూడుతుంది. సూపర్ గ్లూ సూది మొనతో పెట్టి, దారం వదులుగా ఉంటే వెలిగించిన అగరుబత్తిని తాకించకుండా దగ్గరగా జరిపితే బిగుసుకుంటుంది. ముందు స్క్రాప్ ముక్క మీద చేసి చూడండి.

మిగిలినవి: పక్కల రేడియేటర్లు, ప్రొపెల్లర్, శిలువ డికాల్స్ (అతికించే గుర్తులు). ఇది పూర్తయ్యాక ఐండెకర్ చేస్తాను. ఒకే రెక్క అయినా దానికి వైర్లు చాలా ఉన్నాయి, ఈ లోపు ఇంకో గాలపు దారం ఉండ కొనాలి.