కుచ్చిళ్లు

"నువ్వు ఫోన్లో అత్తగారి వేషం కట్టే కుర్రోడివి కదూ?" కోటిపల్లి రేవులో పంటు ఎక్కానో లేదో, అరటిగెల పక్కన కూర్చున్న మామ్మగారు గట్టిగా అడిగేశారు.

అవునండీ అన్నాను. సెల్ఫీ అడుగుతారేమోనని జుట్టు కూడా సర్దుకున్నాను.

"కుచ్చిళ్లు కుడిపక్కకి తిప్పి దోపుతావేంటి నాయనా, మీ ఇంట్లో ఆడాళ్లు చెప్పరా?"

పంటంతా నవ్వు. నా ఏ కామెడీ వీడియోకీ ఇంత నవ్వు రాలేదు, ఒట్టు.

మూడేళ్లుగా అదే చీర, అమ్మది. యూట్యూబ్‌లో యాడ్ డబ్బులు రావాలంటే 1000 మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో 4000 గంటల వాచ్ టైమ్ ఉండాలని రోజూ ఆ అంకెలే చూసుకుంటూ, వీడియో 8 నిమిషాలు ఉంటే మధ్యలో కూడా యాడ్ పడుతుందని రెండు నిమిషాల జోకుని సాగదీసి సాగదీసి పీకాను గానీ, కుచ్చిళ్లు ఎటు తిరగాలో ఒక్కసారీ చూసుకోలేదు. కామెంట్లలో కూడా ఎవరూ అనలేదు మరి. (అమ్మ చూసే ఉంటుంది. నవ్వుకుని ఊరుకుని ఉంటుంది.)

ముక్తేశ్వరం రేవు వచ్చేదాకా మామ్మగారు వాళ్ల అత్తగారు కాఫీ గ్లాసు కింద ఎలా పెట్టేదో చేసి చూపించారు. ఆ చప్పుడుని బట్టే కోపం ఎంతో తెలిసేదట. నా స్క్రిప్టుల్లో అత్తగారు ఊరికే అరుస్తూ ఉంటుంది.

ఈ రాత్రి పెట్టాల్సిన వీడియో ఆపేశాను. రేపు చీర అమ్మ చేతే కట్టించుకుని ఆ గ్లాసు సీన్ తీయాలి.