ఊపిరితిత్తులే ఎందుకమ్మా?

మొన్న సోమవారం నా ప్రీ-సబ్మిషన్ సెమినార్, అంటే థీసిస్ ఇచ్చే ముందు జరిగేది, గట్టెక్కింది. కోపం ఇంకా చల్లారలేదు కాబట్టి ఇప్పుడే రాసేస్తున్నాను.

నా పీహెచ్‌డీ బ్లియోమైసిన్ మీద. హాడ్జ్‌కిన్ లింఫోమా అనే లింఫ్ గ్రంథుల క్యాన్సర్‌కి, వృషణాల క్యాన్సర్‌కి వాడే పాత మందు. 1960లలో జపాన్‌లో ఉమెజావా బృందం మట్టిలోని ఓ సూక్ష్మజీవి నుంచి తీసింది. క్యాన్సర్ మీద బాగా పనిచేస్తుంది గానీ కొందరికి ఊపిరితిత్తుల్లో మచ్చ కట్టి ఆయాసం మిగులుస్తుంది. అందుకే డాక్టర్లు మొత్తం డోసు 400 యూనిట్లు దాటకుండా చూసుకుంటారు. ఆ మచ్చ ఎలుకల్లో ఎలా కడుతుందో చూడడం, ఒక మొక్క నుంచి తీసిన పదార్థం దాన్ని ఆపుతుందేమో తేల్చడం నా పని.

ఎథిక్స్ కమిటీ ఫారం మూడోసారికి పాసైంది. నా తర్వాత ఈ పని చేసేవాళ్ళు ఎలుకలు సీ57 బ్లాక్ 6 రకమే తీసుకోండి, బాల్బ్-సీ ఎలుకల్లో మచ్చ సరిగా కట్టదు. మందు లెక్క యూనిట్లలో వేయండి. పేపర్లలో కొందరు మిల్లీగ్రాములు రాస్తారు, రెండూ ఒకటి కాదు. శ్వాసనాళంలో మందు వేసేటప్పుడు 32 ఎలుకల్లో నాకు పోయినవి రెండే. మా ల్యాబ్‌లో ఇంత మంచి చెయ్యి ఇంకెవరికీ లేదు. గొప్పే చెప్పుకుంటున్నాను, అనుకోండి.

మచ్చలో పేరుకునే ప్రోటీన్ కొలాజెన్. దాన్ని కొలవడానికి ఊపిరితిత్తిని ఆమ్లంలో 110 డిగ్రీల దగ్గర రాత్రంతా ఉడికించి, కొలాజెన్‌లో ఉండే హైడ్రాక్సీప్రోలిన్ అనే అమైనో ఆమ్లం ఎంతుందో చూస్తాం. గులాబీ రంగు ఎంత ముదిరితే మచ్చ అంత ఎక్కువ. దానికి కావాల్సిన క్లోరమైన్-టీ అనే రసాయనం కోసం నాలుగు నెలలు పడిగాపులు పడ్డాను. కొటేషన్ మీద స్టాంపు వంకరగా పడిందట! పర్చేజ్ సెక్షన్‌లో ఎవరినీ సార్ అనకండి అని చెప్పాలనే ఉంది. కానీ అనండి, పని జరగాలి కదా.

ఇదంతా ఒక ఎత్తు. ఆరు నెలల కిందటి మొదటి సెమినార్ ఒక ఎత్తు.

పదకొండో స్లైడులో నా బాణాలన్నీ ఉన్నాయి. మచ్చ కట్టమని కణాలకు చెప్పే సంకేత ప్రోటీన్ టీజీఎఫ్-బీటా, అక్కడి నుంచి ఆ సంకేతాన్ని కణం లోపలికి మోసే స్మాడ్, అక్కడి నుంచి కొలాజెన్. బయటి నుంచి వచ్చిన పెద్దాయన కళ్ళజోడు తీసి అడిగారు: "బాణాలు బావున్నాయమ్మా. మందు రక్తంలో ఒళ్ళంతా తిరుగుతుంది కదా. కాలేయాన్ని వదిలేసి ఊపిరితిత్తుల మీదే ఎందుకు పడుతుంది?"

"సార్, నేను నేరుగా శ్వాసనాళంలోనే వేశాను."

హాలంతా నవ్వింది. "నువ్వు వేశావు. పేషెంట్‌కి నరంలో ఎక్కిస్తారు. వాళ్ళ ఊపిరితిత్తులు ఎందుకు పాడవుతున్నాయి?"

నోట మాట లేదు. మా గైడ్ తల దించుకుని ఫోన్ చూసుకుంటున్నారు. నాలుగేళ్ళు ఎలుకల గొంతులు చూసిన నాకు ఆ సంగతి తెలియదు! ఆయన అంతటితో వదల్లేదు. "మీ మొక్క మందు ఏ రోజు మొదలుపెట్టావు?" మొదటి రోజే అన్నాను. "మొదటి వారమంతా ఇన్‌ఫ్లమేషనే. మచ్చ కట్టేది ఆ తర్వాత. నువ్వు తగ్గించింది వాపునా, మచ్చనా?" మళ్ళీ చేసుకుని రమ్మన్నారు. జూనియర్లు నా వైపు చూడకుండా సమోసాలు తిన్నారు.

ఆ రాత్రి జవాబు దొరికింది. మొదటి సంవత్సరంలో సీనియర్ అక్క ఇచ్చిన వ్యాసంలోనే ఉంది. బొమ్మ చూసి బాణాలు ఎత్తి రాసుకున్నాను గానీ ముందు పేజీలు చదవలేదు. బ్లియోమైసిన్ ఇనుమును పట్టుకుంటుంది. ఆ జోడీ ఆక్సిజన్‌తో కలిసి ఫ్రీ రాడికల్స్ పుట్టించి డీఎన్‌ఏను తెంపుతుంది. చాలా అవయవాల్లో ఈ మందు కోర పీకే ఎంజైమ్ ఉంటుంది, పేరు బ్లియోమైసిన్ హైడ్రోలేజ్. ఊపిరితిత్తుల్లో, చర్మంలో అది చాలా తక్కువ. అందుకే కొందరు పేషెంట్లకు ఒంటి మీద నల్లటి చారలు కూడా వస్తాయి. పైగా ఊపిరితిత్తుల్లో ఆక్సిజన్‌కి కొదవేముంది? గాలి గదుల లోపలి పొర దెబ్బతింటుంది. అక్కడ తాళం వేసి ఉన్న టీజీఎఫ్-బీటాను, దెబ్బతిన్న కణాల మీది ఇంటిగ్రిన్లు అనే ప్రోటీన్లు లాగి తెరుస్తాయి. కణజాలానికి ఊతమిచ్చే ఫైబ్రోబ్లాస్టు కణాలు, గాయం మూసే మయోఫైబ్రోబ్లాస్టులుగా మారి కొలాజెన్ పేరుస్తాయి. గాయం మానాక చచ్చిపోవాల్సినవి చావకుండా పేరుస్తూనే ఉంటాయి. నా బాణాలు ఇక్కడే మొదలయ్యాయి, కథ మాత్రం అంతకు ముందే మొదలైంది.

మళ్ళీ ఎలుకలు, మళ్ళీ వంకర స్టాంపులు. ఈసారి మొక్క మందు పదో రోజున మొదలుపెట్టాను. ఫలితం వెలవెలబోయింది. ముందు కనిపించిన తగ్గుదలలో చాలా భాగం వాపుదే. గైడ్ దాన్ని అనుబంధంలో పెట్టేయమన్నారు. నేను నాలుగో అధ్యాయంలో పెట్టాను.

సోమవారం అదే పెద్దాయన వచ్చారు. హైడ్రోలేజ్ మీద మూడు స్లైడులు సిద్ధం చేసుకుని కూర్చున్నాను. ఆయన రిఫరెన్సుల్లో కామాలు తప్పాయన్నారు, అంతే. ఉండబట్టలేక నేనే అడిగాను: "సార్, ఊపిరితిత్తులే ఎందుకో చెప్పమంటారా?"

"టీ చల్లారిపోతుందమ్మా" అంటూ లేచారు.