కార్డులో ఎర్ర సిరా: నా రక్తహీనత అనుభవం

బాబుకు ఇప్పుడు రెండో నెల. వాడు పడుకున్నప్పుడే ఇది రాసేయాలని కూర్చున్నాను. కోపం చల్లారాక రాస్తే అందరూ మంచివాళ్లయిపోతారు.

పేరు నమోదు, కార్డు, టీకాలు, స్కానింగ్ వీటిలో చెప్పుకోదగ్గ కష్టమేమీ లేదు. ఆశా కార్యకర్త ఇంటికే వచ్చి వివరాలు రాసుకుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ కలిసి ఉందో లేదో ముందే చూసుకోండి, చాలు. మూడో నెలలో హిమోగ్లోబిన్ 10.4 వచ్చింది. గర్భిణికి 11 ఉండాలి. "కొంచెమే తక్కువ, మాత్రలతో పెరుగుతుంది" అన్నారు. నాలుగో నెల రాగానే ఎర్రటి ఐరన్ మాత్రలు, తెల్లటి కాల్షియం మాత్రలు ఒకే కవరులో పెట్టి ఇచ్చారు. "రెండూ రాత్రి భోజనం అయ్యాక వేసుకో" అన్నాడు మందులిచ్చే ఆయన. అలాగే వేసుకున్నాను.

నేనేం చేస్తానో ఇక్కడ చెప్పాలి. అంబాజీపేటలో ఒక కొబ్బరి వ్యాపారి దగ్గర లెక్కలు రాస్తాను. లారీకి ఎన్ని కాయలు ఎక్కాయి, ఎన్ని పగిలాయి, ఏ రైతుకు ఎంత బాకీ, అన్నీ నా పుస్తకంలోనే ఉంటాయి. సాయంత్రం నేను కూడిక వేశాక యజమాని మళ్లీ వేసి చూడడు. అలాంటిదాన్ని మాత్ర విషయంలో ఊరుకుంటానా? వేసుకున్న ప్రతి రాత్రీ క్యాలెండర్‌లో టిక్కు పెట్టాను. ఖాళీ అట్టలు కూడా బిస్కెట్ల డబ్బాలో దాచాను. ఓచరు పారేసే అలవాటు నాకు లేదు.

ఇక ఆరో నెల. ప్రతి నెలా 9వ తేదీన గర్భిణులను డాక్టరు ప్రత్యేకంగా చూస్తారు. 2016 నుంచి దేశమంతటా నడుస్తున్న ఏర్పాటే. మా ఆరోగ్య కేంద్రంలో ఆ రోజు బల్లల మీద చోటు ఉండదు. లంకల నుంచి పడవ దాటి వచ్చినవాళ్లు కూడా వరండాలో నిలబడి ఉన్నారు. నర్సు నా వేలికి సూది గుచ్చింది. రక్తం సరిగా రాలేదు. వేలి మొదలు నుంచి కొస దాకా, చెరుకు గడను మరలో పెట్టినట్టు పిండింది. చివరికి వచ్చిన బొట్టును చిన్న యంత్రంలో పెడితే 7.2 చూపించింది. ఏడుకు దిగువన అయితే తీవ్రమైన రక్తహీనత కింద లెక్క.

"మాత్రలు మింగుతున్నావా?" అంది.

"రోజూ వేసుకుంటున్నాను సిస్టర్."

"మింగితే ఇంత ఎందుకు తగ్గుతుంది? మీరంతా మాత్రలు తీసుకెళ్లి కాలువలో పారేస్తారు. బిడ్డ నల్లగా పుడతాడని భయం!"

వరండాలో నవ్వులు. క్యాలెండర్ ఉంది, అట్టలు ఉన్నాయి అన్నాను. వినలేదు. అప్పుడు నాకు ఏమనాలో తోచక, నలుగురిలో అనకూడని మాట అనేశాను: "రోజూ విరేచనం నల్లగా అవుతోంది సిస్టర్, ఇంకేం సాక్ష్యం కావాలి?" ఐరన్ మాత్ర వేసుకుంటే అలా అవడం మామూలే, అది ఆవిడకూ తెలియాలి. కానీ ఈసారి నవ్వు గేటు దాకా వినిపించింది. పక్కనున్న మా అత్తయ్య చీర చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఇంటికి వెళ్లే దారిలో, "నిజం చెప్పమ్మా, పారేశావా?" అని అడిగింది. పక్కింటావిడ ఆ నల్ల బిడ్డ కబురు ముందే మోసుకొచ్చిందట. ఏ మాత్రా బిడ్డ రంగు మార్చదు. బిడ్డ రంగు అమ్మానాన్నల నుంచి, వాళ్ల వాళ్ల నుంచి వస్తుంది. మా ఆయన్ను చూస్తే ఈపాటికి ఆవిడకు తెలియాల్సింది.

నవ్వులు సరే, మరిచిపోవచ్చు. మరిచిపోలేనిది కార్డు. అందులో నర్సు ఎర్ర సిరాతో "మాత్రలు వాడటం లేదు" అని రాసి, కింద గీత కూడా గీసింది. నా పుస్తకంలో అబద్ధపు పద్దు ఉంటే నాకు నిద్ర పట్టదు. మళ్లీ వెళ్లినప్పుడు బిస్కెట్ల డబ్బా, క్యాలెండర్ రెండూ పట్టుకెళ్లి, ఆ మాట కొట్టేయమన్నాను. అట్టలు కుప్పగా పోసి చూపించాను. "ఖాళీ అట్టలు ఎవరైనా చేస్తారు" అని డబ్బా వెనక్కి నెట్టింది. ఒక అట్ట బల్ల కిందకు జారితే ఆరో నెల పొట్టతో వంగి నేనే తీసుకున్నాను. ఎవరూ కదలలేదు.

2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో గర్భిణుల్లో 52 శాతం మందికి రక్తహీనత ఉంది. సగం మందికి పైగా ఉన్న జబ్బు పట్టుకుని మనిషిని దొంగలా నిలబెట్టి అడిగితే, నిజంగానే మాత్రలు మానేసిన పిల్ల మళ్లీ ఆ గడప తొక్కుతుందా? ఇది ఆలోచించే తీరిక అక్కడ ఎవరికీ లేదు.

మా ఆయన అమలాపురం తీసుకెళ్లాడు. అక్కడి డాక్టరమ్మ కార్డు చదివి, పక్కన పెట్టి, వేరే ప్రశ్న వేసింది: "ఈ రెండు మాత్రలూ ఎప్పుడెప్పుడు వేసుకుంటున్నారు?" అన్ని నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే. రాత్రి భోజనం కాగానే రెండూ కలిపి అన్నాను. కాల్షియం పక్కన ఉంటే ఐరన్ పేగుల్లోంచి ఒంటికి సరిగా పట్టదట. రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలట. కాల్షియం భోజనంతో, ఐరన్ కడుపు ఖాళీగా ఉన్నప్పుడు. నిమ్మరసంతో వేసుకుంటే మరీ మంచిది. టీ, కాఫీ దాని దరిదాపుల్లో ఉండకూడదు. టీ సంగతి నాకు ముందే తెలుసు, ఎప్పుడో దూరం పెట్టాను.

చేతి నరం నుంచి రక్తం తీసి ల్యాబులో చూస్తే 8.4. వేలిని గట్టిగా పిండితే రక్తంతో పాటు ఒంట్లో నీరు కూడా దిగి, అంకె తక్కువగా వస్తుందని అప్పుడు తెలిసింది. పుట్టుకతో వచ్చే రక్త జబ్బు తలసీమియా లక్షణం ఉందేమోనని ఇంకో పరీక్ష చేయించారు, లేదు. ఫెరిటిన్ మాత్రం బాగా తక్కువ, అంటే ఇనుము నిల్వలు అడుగంటాయి.

ఇక మాత్రలతో కాలయాపన వద్దని సెలైన్‌లో ఐరన్ సుక్రోజ్ ఎక్కించారు. ఎంత ఎక్కించాలో డాక్టరమ్మ నా ముందే లెక్క కట్టింది: గర్భం రాకముందు బరువు 50 కిలోలు, హిమోగ్లోబిన్ 8.4 నుంచి 11కు పెరగాల్సింది 2.6, ఆ రెంటినీ గుణించి మళ్లీ 2.4తో గుణిస్తే 312. నిల్వల కోసం ఇంకో 500. మొత్తం 812 మిల్లీగ్రాములు. ఆవిడ సెల్‌ఫోన్ తీసే లోపే నేను చెప్పేశాను. "బ్యాంకులో చేస్తారా?" అంది. ఆ నెలలన్నిటిలో నాకు దొరికిన ఒకే ఒక్క గౌరవం అది. రోజు విడిచి రోజు, ఒక్కోసారి 200 మిల్లీగ్రాములు. చెయ్యి కాస్త మంట, నోట్లో ఇనుము రుచి, అంతకు మించి ఏమీ లేదు.

ఎర్ర సిరా కొట్టేయమంటే మాత్రం, "రాసినవాళ్లే కొట్టేయాలమ్మా" అంది. దాని కిందే "మాత్రలు వాడుతున్నారు, కాల్షియంతో కలిపి వాడారు" అని రాసి సంతకం పెట్టింది. అయినా కాన్పు గదిలో డ్యూటీ నర్సు చదివింది పై మాటే. "మాత్రలు మింగలేదా?" నొప్పుల మధ్యలో, "కింది వరుస కూడా చదవండి" అని అరిచాను. అప్పటికి నా హిమోగ్లోబిన్ 10.8. రక్తం తక్కువున్న తల్లికి కాన్పులో కాస్త ఎక్కువ పోయినా ప్రాణం మీదకు వస్తుంది కాబట్టి మా ఆయన చేత రక్తం సిద్ధం చేయించారు. అవసరం పడలేదు. బాబు 2.8 కిలోలు. పుట్టగానే బొడ్డుతాడు వెంటనే కోయకుండా ఒకటి రెండు నిమిషాలు ఆగారు. ఆ కాస్త రక్తంతో బిడ్డకు ఇనుము నిల్వ పెరుగుతుందట. రంగా? అచ్చం వాళ్ల నాన్న.

మీకు చెప్పేవి కొన్నే. మాత్రలిచ్చే కిటికీ దగ్గర ఏది ఎప్పుడో విడివిడిగా అడగండి. వేలి పరీక్షలో అంకె మరీ తగ్గితే నరం నుంచి రక్తం తీసి చూడమనండి. తోటకూర, మునగాకు తినండి, కానీ ఇంతగా తగ్గాక ఆకుకూరలతోనే పెరుగుతుందని ఎవరైనా చెబితే వాళ్లకే వండి పెట్టండి. మీ కార్డులో ఏం రాశారో అక్కడే చదువుకోండి, ఇంటికొచ్చాక కాదు.

కాన్పు తరువాత కూడా 180 రోజులు ఐరన్ వేసుకోవాలి. బాలింతకు వేడి చేస్తుందని అత్తయ్య మొదట గొణిగింది కానీ ఇప్పుడు తనే టైము చూసి నిమ్మరసంతో పాటు తెచ్చిస్తోంది. బాబుకు ఆరు నెలలు నిండాక వారానికి రెండుసార్లు ఐరన్ సిరప్ ఇస్తారు. ఆ సీసా తీసుకోవడానికి ఆ ఆరోగ్య కేంద్రానికే వెళ్లాలి. దేనితో వేయాలో, దేనితో వేయకూడదో చెప్పి కార్డులో రాసి ఇచ్చేదాకా కిటికీ దగ్గర నుంచి కదలను. వెనుక వరుస ఎంత పొడుగున్నా సరే.