ఫ్లెక్సీ వెనక ఏటవాలు చారలు: ఫోటోషాప్‌లో నా అనుభవం

నల్లగొండ గడియారం సెంటర్‌లో కట్టే బతుకమ్మ ఫ్లెక్సీ. 10 అడుగుల వెడల్పు, 6 అడుగుల ఎత్తు. వెనకంతా తంగేడు పువ్వు రంగులో ఏటవాలు చారలు కావాలి. గీయడం పది నిమిషాల పనే, తిప్పలంతా లెక్క దగ్గరే.

72 డీపీఐలో, అంటే అంగుళానికి 72 పిక్సెళ్ల లెక్కన, ఈ సైజు 8640 బై 5184 పిక్సెళ్లు. ప్రింటింగ్‌కి వాడే నాలుగు రంగుల పద్ధతి సీఎంవైకేలో ఒక్క లేయరే (పొరే) దాదాపు 170 ఎంబీ. అంత కాన్వాస్ మీద ఒక్కో చార గీసి, కాపీ చేసి, తిప్పుతూ కూర్చుంటే సిస్టమ్ మొరాయిస్తుంది. తిప్పిన ప్రతిసారీ చార అంచు కూడా కొంత మసకబారుతుంది. అందుకే చిన్న చదరపు బొమ్మ, అంటే గడి, ఒకటి చేసి, దాన్నే పక్కపక్కన మళ్లీ మళ్లీ వచ్చే ప్యాటర్న్‌గా పరిచాను. నారాయణపేట చీరకు పడుగు సిద్ధం చేసేటప్పుడు ఈ రంగు ఇన్ని పోగులు, ఆ రంగు ఇన్ని పోగులు అని లెక్కేసుకున్నట్టే ఇదీ. వరస ఎక్కడ తెగినా అతుకు బయటపడుతుంది.

గడి 288 బై 288 పిక్సెళ్లు. నా మొదటి గడి చెడింది ఇక్కడే: మూల నుంచి మూలకు మధ్యలో ఒక్క చార వేసి వదిలేశాను. పరిచి చూస్తే ప్రతి మూల దగ్గర చారను ఎలుక కొరికినట్టుంది. పక్క గడిలోకి పోవాల్సిన చార ముక్క మిగతా రెండు మూలల్లో లేకపోవడమే కారణం.

రెండోసారి 144 దగ్గర నిలువుగా ఒక గైడ్, అడ్డంగా ఒక గైడ్ (కొలత గీత) పెట్టి, గీతకు అతుక్కునేలా స్నాప్ ఆన్ చేశాను. గడి మొత్తం లేత పసుపు నింపాను. తిన్నని గీతలతో ఎంపిక చేసే పాలిగనల్ లాసోకి ఫెదర్ (అంచు మసక) 0, మెట్లు కనిపించకుండా అంచును నునుపు చేసే యాంటీ ఎలియాస్ ఆన్. మొదట పైన ఎడమ మూల, పై అంచు మధ్య, ఎడమ అంచు మధ్య కలిపి త్రికోణం. తర్వాత పైన కుడి మూల, కుడి అంచు మధ్య, కింది అంచు మధ్య, కింద ఎడమ మూల కలిపి నాలుగు మూలల పట్టీ. ఈ రెండింట్లో ముదురు పసుపు. అంతే, చార పూర్తయింది.

ఫిల్టర్‌లో అదర్, ఆఫ్‌సెట్‌కి వెళ్లి అడ్డంగా, నిలువుగా 144 చొప్పున ఇచ్చి, బయటికి పోయిన భాగం అవతలి వైపు వచ్చేలా ర్యాప్ అరౌండ్ పెడితే అంచులు మధ్యకొస్తాయి. అతుకు ఉంటే అక్కడ దొరికిపోతుంది. తర్వాత సెలెక్ట్ ఆల్, ఎడిట్‌లో డిఫైన్ ప్యాటర్న్. ఆ మాట బూడిద రంగులో ఉండి నొక్కబడకపోతే, సెలెక్షన్‌కి ఫెదర్ మిగిలి ఉందేమో చూడాలి.

పెద్ద ఫైల్‌లో న్యూ ఫిల్ లేయర్, ప్యాటర్న్. స్కేల్ 100 దగ్గరే ఉంచాను. 130, 170 లాంటి అంకెలిస్తే అంచులు మెత్తబడతాయి. చార పెద్దది కావాలంటే గడినే మళ్లీ చేసుకోవడం నయం. గడి అంచు మీద చార 144 పిక్సెళ్లు, అంటే 2 అంగుళాలు కనిపిస్తుంది గానీ, చారకు లంబంగా దాని అసలు మందం కొలిస్తే దాన్ని 1.414తో భాగించాలి: సుమారు 102 పిక్సెళ్లు, 1.4 అంగుళాలే. నిజంగా 2 అంగుళాలు కావాలంటే గడి 408 ఉండాలి. 8640లో 408 సమంగా పడదు, అయినా ఏటవాలు చారల్లో అది ఎవరికీ తెలియదు. నిలువు చారలైతే మాత్రం చివర సగం చార తెగి వికారంగా ఉంటుంది.

రంగుల్లో ఆశపడకూడదు. రెండు పసుపులకీ ఎల్లో 100. మెజెంటా లేతదానికి 15, ముదురుదానికి 30. పసుపు పక్కన ఆకుపచ్చ పెట్టి చూస్తే చారలే కనిపించాయి, అక్షరాలు పోయాయి.

మన లిపికి ఇంకో చిక్కుంది. తలకట్టు కుడివైపు పైకి లేస్తుంది. పైన చెప్పిన గడిలో చారలూ అటే లేస్తాయి, తలకట్టును మింగేస్తాయి. అందుకే డిఫైన్ చేసే ముందు గడిని ఫ్లిప్ హారిజాంటల్ చేశాను. చిన్న అక్షరాల కింద చారల్లేని పట్టీ కూడా వేశాను, వొత్తులు చదవాలి కదా.

జూమ్ 16 శాతంలో అంచులు మెట్లు మెట్లుగా కనిపిస్తే కంగారు అక్కర్లేదు, 100 శాతంలో చూడాలి. ప్రింటింగ్‌కి నాణ్యత పోకుండా కుదించే ఎల్‌జడ్‌డబ్ల్యూ టిఫ్ ఫైల్ ఇచ్చాను. జేపెగ్ అడిగితే క్వాలిటీ 12. తగ్గిస్తే చార అంచు వెంట మురికి మచ్చలొస్తాయి. వాట్సాప్‌లో పంపితే ఫోటోగా కాదు, డాక్యుమెంట్‌గా.