వేరు గ్లాసు

సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడేది. రాత్రి చెమటకు పక్క తడిసిపోయేది. కళ్లె పరీక్షలో టీబీ అని తేలింది. ఆ పూటే అమ్మ నా కంచం, గ్లాసు వేరు చేసింది.

మా పేటకు వేరు గ్లాసు కొత్త కాదు. మా తాత ఊళ్లో హోటల్ చూరులో దోపిన గ్లాసు తీసుకుని, బయటే నిలబడి టీ తాగి, తనే కడిగి మళ్లీ అక్కడే పెట్టేవాడు. అంటరానితనాన్ని 17వ అధికరణతో రాజ్యాంగం 1950లోనే రద్దు చేసింది. ఆ కబురు చూరుదాకా చేరడానికి ఏళ్లు పట్టింది. చిన్నప్పటి నుంచీ నాలో ఉన్న ఆ కోపమే ఇప్పుడు అమ్మ మీదికి మళ్లింది.

మందులు ఇచ్చే ఆశా కార్యకర్తది పెద్దవీధి. ఆమెతో ముభావంగానే ఉండేవాణ్ని. మొదటి రెండు నెలలు నాలుగు మందులు కలిసిన మాత్రలు. కడుపులో తిప్పేది. మూత్రం ఎర్రగా వస్తే రక్తమేమోనని హడలిపోయాను. "అది రిఫాంపిసిన్ అనే మందు రంగు తమ్ముడూ, మా ఆయనకూ ఇలాగే వచ్చింది" అంది. ఆయనకు జబ్బు చేసినప్పుడు కన్నతల్లే పశువుల కొట్టంలోకి మార్చిందట. ఆ సంగతి చెబుతూ గూట్లో ఉన్న నా గ్లాసు అందుకుని, కుండలో నీళ్లు ముంచుకుని తాగింది. "ఇది గాలిలో వచ్చే జబ్బు పిన్నీ, గ్లాసుతో రాదు" అంది అమ్మతో.

అమ్మది భయం. నచ్చజెప్పేవాళ్లుంటే భయం పోతుంది. చూరులో గ్లాసు పెట్టినవాళ్లది భయం కాదు. ఆ రెండింటినీ విడదీసి చూడగలిగాక నాకు కాస్త ఊపిరాడింది. హోటల్ యజమానిని క్షమించానని అనను. ఆ మాట చెప్పాల్సింది తాత, ఆయన లేడు. పెద్దవీధి పేరు వింటేనే పళ్లు కొరికే అలవాటు మాత్రం పోయింది.

తర్వాతి నాలుగు నెలలూ మూడు మందులే. ఆకలి పుట్టింది, బరువు పెరిగాను, చివరి పరీక్షలో క్రిమి కనిపించలేదు.

ఇప్పుడు కొత్త రోగుల ఇళ్లకు ఆమెతో నేనూ వెళ్తున్నాను. మొన్న పెద్దవీధిలో ఒక ముసలాయనను వసారాలో విడిగా పడుకోబెట్టారు. కోడలు నన్ను గుమ్మం బయటే ఆగమంది. రోగానికా, కులానికా అని నేను అడగలేదు. వసారా మెట్టు మీద కూర్చున్నాను.

"అరికాళ్లు మండుతున్నాయయ్యా, నీకూ ఇలాగే ఉండేదా?" అన్నాడాయన.

"ఉండేది. బి6 విటమిన్ మాత్ర ఇచ్చాక తగ్గింది. రేపు డాక్టరుగారిని అడుగుదాం, నేనూ వస్తాను" అన్నాను.