వేడెక్కితే మొరాయించే ట్రిమ్ పంపు: పని నమోదు

పడవ 1990ల నాటి 19 అడుగుల బౌరైడర్ (ముందు భాగంలోనూ సీట్లుండే మోటారు పడవ). వెనక మెర్‌క్రూజర్ ఆల్ఫా వన్ జెన్ 2 డ్రైవ్, అంటే పడవ వెనక బయట ఉండి ప్రొపెల్లర్‌ను తిప్పే భాగం. దాన్ని ఆయిల్ ఒత్తిడితో, సిలిండర్ల ద్వారా ఎత్తి దించేది ట్రిమ్ పంపు. పని మొత్తం ట్రైలర్ మీదే. లోపాలు రెండు: ఉదయం చక్కగా లేచే డ్రైవ్ మధ్యాహ్నానికి సగంలో ఆగిపోతుంది, ఎత్తి ఉంచితే తెల్లారేసరికి కిందికి దిగి ఉంటుంది. రెండూ ఒకే జబ్బు కానక్కర్లేదు. పంపు కొనే ముందు దేని సంగతి దానికి తేల్చుకోవాలి.

మొదటి రోజు: కరెంటు

మోటారు గుయ్‌మంటోంది కదా అని కరెంటు సరిగ్గా అందుతోందని అనుకోకూడదు. పైకి ఎత్తే మీట నొక్కి ఉంచి కొలిస్తే బ్యాటరీ దగ్గర 12.1 వోల్టులు, మోటారు లావు నీలం తీగకూ నల్ల తీగకూ మధ్య 9.6. మధ్యలో రెండున్నర వోల్టులు పోతున్నాయి. మల్టీమీటరు ఒక్కో జాయింటుకూ అటూ ఇటూ పెట్టి చూస్తే నల్ల తీగ బోల్టు దగ్గరే 1.4. ఊడదీస్తే లోపలంతా ఆకుపచ్చ చిలుము. మోటారుకు కరెంటు కలిపే స్విచ్, అంటే సోలెనాయిడ్ దగ్గర ఇంకో 0.8. ఎత్తడానికొకటి, దించడానికొకటి ఉండే ఈ రెండు సోలెనాయిడ్లూ ఒకే రకం. ఒకదాని చోట ఇంకొకటి పెట్టగానే నష్టం కూడా దించే వైపుకు మారింది. అంటే తప్పు తీగది కాదు, సోలెనాయిడ్‌దే. కొత్తది వేసి, బోల్టు గరుకు కాగితంతో రుద్ది బిగించాక మోటారు దగ్గర 11.5 వచ్చింది.

మోటారుకు ఎత్తడానికి ఒక చుట్ట, దించడానికి ఒక చుట్ట ఉంటాయి. వోల్టేజి సరిగ్గా అందుతున్నా ఒక వైపే తిరిగితే ముందు అనుమానించాల్సింది ఆ చుట్టనే. ఇక్కడ రెండు వైపులా తిరుగుతోంది. డ్రైవ్ కాస్త చురుగ్గా లేస్తోంది, కానీ మధ్యాహ్నం ఆగడం మాత్రం పోలేదు.

రెండో రోజు: దిగిపోవడం సిలిండర్లదా, పంపుదా?

డ్రైవ్ పూర్తిగా ఎత్తి, కింద గట్టి దిమ్మె పెట్టాకే గొట్టాల మీద చెయ్యి వేయాలి. లైన్‌లో ఒత్తిడి ఉండగా నట్టు వదులు చేస్తే డ్రైవ్ ఒక్కసారిగా పడుతుంది. మామూలు పానా నట్టు మూలల్ని తినేస్తుంది కాబట్టి, ఒక పక్క సందు ఉన్న రింగు పానా వాడాలి.

ఎత్తే లైన్ పంపు దగ్గర విప్పి, గొట్టం చివరకు ప్లగ్గు, పంపు రంధ్రానికి మూత బిగించాం. చాలామంది దించే లైన్‌కు కూడా ప్లగ్గు పెట్టేసి, డ్రైవ్ దిగలేదు గనక సిలిండర్లు బాగున్నాయంటారు. అది తప్పు లెక్క. పిస్టన్ సీలు కారితే ఆయిల్ రాడ్డు వైపుకు వెళ్తుంది. కానీ అటు రాడ్డు కూడా ఉంది, చోటు తక్కువ. మిగిలిన ఆయిల్ బయటికి పోయే దారి లేకపోతే సీలు ఎంత పాడైనా సిలిండర్ కదలదు. అందుకే దించే గొట్టం చివర తెరిచి సీసాలో పెట్టాలి. రాడ్డు మీద టేపు గుర్తు వేసి, దిమ్మె తీసేసి, డ్రైవ్ కిందికి ఎవరూ వెళ్లకుండా రాత్రంతా వదిలేశాం. పొద్దున టేపు కదల్లేదు, సీసా పొడిగా ఉంది. సిలిండర్లు నిర్దోషులు. ఆయిల్ వెనక్కి వెళ్తున్నది పంపులోని చెక్ వాల్వు (ఆయిల్‌ను ఒకవైపే పోనివ్వాల్సిన వాల్వు) గుండానే.

మూడో రోజు: ఒత్తిడి

5000 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) దాకా చూపే ఒత్తిడి గేజి పంపు ఎత్తే రంధ్రానికి బిగించాం. ఈ రకం పంపుకు ఎత్తేటప్పుడు 2200 నుంచి 2600, దించేటప్పుడు 400 నుంచి 600 పీఎస్‌ఐ ఉండాలి. చల్లగా ఉన్నప్పుడు 2100 వచ్చింది, పర్వాలేదు అనిపించే అంకె. గేజి తీసి, లైన్లు కలిపి, మధ్యలో మోటారుకు విరామమిస్తూ పదిసార్లు ఎత్తి దించాక మళ్లీ కొలిస్తే 1350. మధ్యాహ్నం మొరాయింపుకు కారణం ఇదే. పంపులోని గేర్లకూ పక్క పలకలకూ మధ్య సందు అరిగి పెరిగింది. ఆయిల్ వేడెక్కి పలచబడగానే ఆ సందులోంచే వెనక్కి జారుతోంది. చిక్కటి ఆయిల్ పోస్తే ఈ లోపం కొన్నాళ్లు దాగుతుంది గానీ, చలి ఉదయాల్లో మోటారు మీద భారం పడుతుంది. పవర్ ట్రిమ్ ఫ్లూయిడ్ దొరకనప్పుడు 10డబ్ల్యూ-30 లేదా 10డబ్ల్యూ-40 ఇంజిన్ ఆయిల్ చాలు, అంతకు మించి చిక్కదనం వద్దు.

పంపు విప్పితే చెక్ వాల్వు కూర్చునే చోట నల్ల రబ్బరు తునకలు కనిపించాయి, పాత గొట్టం లోపలి పొర ఊడి వచ్చినవి. ఇది ఓ-రింగులు మార్చి కడిగితే పోయేదే. పలకల మీద గీతలు మాత్రం గోరుకు తగులుతున్నాయి. ఆ స్థితిలో రిపేరు కిట్టు దండగ, పంపు మొత్తం మార్చాల్సిందే.

నాలుగో రోజు: బిగింపు

కొత్త పంపు కన్నా ముందు గొట్టాలు. రెండూ మార్చి, సిలిండర్లలోని పాత ఆయిల్ పూర్తిగా బయటికి తోశాం. ఈ పని ఎగ్గొడితే అవే తునకలు కొత్త చెక్ వాల్వులో చేరతాయి. ఆయిల్ మట్టం ఈ డ్రైవ్‌లో పూర్తిగా దించి చూడాలి. ఎత్తి ఉండగా నింపితే, దించినప్పుడు సిలిండర్ల ఆయిల్ కూడా ట్యాంకులోకి వచ్చి పొంగుతుంది. ఔట్‌బోర్డు మోటార్లకు అలవాటుపడ్డవాళ్లు పొరబడేది ఇక్కడే, వాటిలో చాలావాటికి ఎత్తి చూడాలి. ఒక క్వార్ట్ (లీటరుకు కాస్త తక్కువ) డబ్బా అయిపోయి రెండోదాన్లో కొంత పట్టింది. ఎనిమిదిసార్లు ఎత్తి దించాం, నురుగు తగ్గేదాకా అరగంట ఆగి మట్టం సరిచేశాం.

చల్లగా 2450, వేడెక్కాక 2300. టేపు గుర్తు రాత్రంతా కదల్లేదు.

మిగిలింది ఎడమ పక్క లిమిట్ స్విచ్, ట్రిమ్ మీటతో డ్రైవ్ ఒక హద్దు దాటి లేవకుండా ఆపేది. తీగల రబ్బరు పగిలింది. ఆ తీగ తెగితే ట్రిమ్ మీట డ్రైవ్‌ను ఎత్తదు, ట్రైలర్ కోసం పూర్తిగా ఎత్తే మీట మాత్రం ఎత్తుతుంది. అలా జరిగితే పంపు జోలికి పోనక్కర్లేదు.