మెదక్ గుడిలో మా మొక్కు తీరింది

మొన్న క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వెళ్ళి మొక్కు తీర్చుకొచ్చాం. దేవునికి వేలాది స్తోత్రాలు. వానాకాలంలో మా పాపకు డెంగీ వచ్చి ప్లేట్‌లెట్లు పడిపోతుంటే, హన్మకొండలో ఆస్పత్రి వరండాలో అత్తమ్మ మోకరించి మొక్కుకుంది: "ప్రభువా, పిల్ల లేచి తిరిగితే నీ గుడికి తోలుకొస్త. మా తాత మోసిన రాయి ముట్టిస్త."

ఆ రాయి సంగతి మా ఇంట్లో అందరికీ కంఠతా వచ్చు. అత్తమ్మ పుట్టిల్లు రామాయంపేట దగ్గర పల్లె. కరువు రోజుల్లో మిషనరీ చార్లెస్ వాకర్ పోస్నెట్ దొర గుడి పని పెట్టించి జనానికి తిండి పెట్టాడు. 1914లో మొదలైన పని పదేళ్ళు సాగి, 1924 డిసెంబరు 25న గుడి తెరిచారు. అత్తమ్మ తాత అక్కడ రాళ్ళు మోసి తన పిల్లల్ని బతికించుకున్నాడు. రాత్రి పిల్లలు తలా ఒక బైబిలు వాక్యం చెప్పి, ప్రార్థన చేశాకే కంచాల ముందు కూర్చోవాలన్న నియమం ఆ తాత పెట్టిందే. జ్వరం దిగిన రాత్రి మంచం మీదే పాప ఎవరూ అడగకముందే 23వ కీర్తన మొదలుపెట్టింది. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

సిద్దిపేట దాటాక బస్సులో నిలబడే వెళ్ళాం. తెల్లవారుజామున నాలుగున్నర ఆరాధన అందనే లేదు. మధ్యాహ్నం నుంచి లైనులో తోపులాట. ప్రార్థన చేసుకునేవాళ్ళ మీద నుంచి చేతులు చాచి సెల్ఫీలు! దేవుని సన్నిధిలో ఇదేం పద్ధతి? ముసలివాళ్ళు నలిగిపోతుంటే నాకు కోపం ఆగలేదు. పైగా పొద్దు వాలుతోంది. బలిపీఠం వెనక రంగు అద్దాల్లోని ఆరోహణ చిత్రం, అంటే యేసు పరలోకానికి వెళ్ళే దృశ్యం, వెలుతురు ఉన్నంతసేపే కనిపిస్తుంది.

లోపలికి వెళ్ళాం కానీ ముందంతా తలలే. పాప ఏడుపు మొహం పెట్టింది. పక్కనున్న పెద్దాయన, జోగిపేట నుంచి ఒక్కడే వచ్చాడట, "ఇటియ్యి బిడ్డా, నేనెత్తుకుంట" అని పాపను భుజాల మీద కూర్చోబెట్టుకున్నాడు. "నానమ్మా, యేసయ్య పైకి పోతుండు!" అని అరిచింది పాప. నాకు అర నిమిషం దొరికిందేమో. ఆ నీలం, ఆ ఎరుపు, మధ్యలో తెల్లని అంగీ. అంతే, వెనకవాళ్ళు తోసేశారు.

తాత మోసింది ఏ రాయో ఎవరికీ తెలియదు. చిన్నప్పుడు వాళ్ళ నాయన చూపించిన స్తంభమే అత్తమ్మకు గుర్తు. పాప చేయి పట్టి దాని మీద ఆనించి, వాళ్ళ నాయన తనకు చెప్పిన మాటల్లోనే కథంతా చెప్పింది. పెద్దాయన కదలకుండా నిలబడి విన్నాడు. వెళ్ళేటప్పుడు తన మనవడికి గుండెలో రంధ్రం ఉందని, ఆపరేషన్ కావాలన్నారని చెప్పి, "నువ్వు ప్రార్థన చెయ్యి తల్లీ, చిన్నపిల్లల మాట దేవుడు వింటడు" అన్నాడు.

ఆ రోజు నుంచి రాత్రి ప్రార్థనలో పాప ముందు ఆ పిల్లవాడి పేరే చెబుతోంది. ఇది చదివినవాళ్ళు మీరూ ఆ బిడ్డను మీ ప్రార్థనల్లో తలుచుకోండి.